చెవి దెబ్బతిన్నా మెదడు నిలబెడుతుంది, తల కదపనిస్తే

పొద్దున్నే మంచం మీంచి లేవబోతే గది గిర్రున తిరుగుతుంది. గోడ పట్టుకున్నా ఆగదు, కళ్ళు మూసుకున్నా ఆగదు, కడుపులో ఉన్నదంతా బయటికి వస్తుంది. ఇంట్లో ఒకరు పైత్యం అంటారు, ఇంకొకరు బీపీ పడిపోయిందంటారు, పక్కింటివాళ్ళు నిమ్మకాయ నీళ్ళు తెస్తారు. క్లినిక్‌కి తీసుకెళ్తే ఒక సెలైన్ ఎక్కించి, ఒక ఇంజెక్షన్ వేసి, మాత్రలు రాసి, "బాగా రెస్టు తీసుకోండి, తల ఎక్కువ కదపకండి" అని పంపిస్తారు. మొదటి రెండు మూడు రోజులకు ఈ వైద్యంలో తప్పేమీ లేదు. నెల తర్వాత కూడా అదే మనిషి అవే మాత్రలు మింగుతూ, మెడ బిగబట్టుకుని అదే మంచం మీద కూర్చుని ఉంటే మాత్రం అది తప్పు. ఆ నెలంతా మెదడు చేసుకోవాల్సిన మరమ్మతుకు మనమే అడ్డం పడ్డాం.

నేను మాట్లాడుతున్నది ముఖ్యంగా వెస్టిబ్యులార్ న్యూరైటిస్ గురించి. లోపలి చెవి నుంచి బ్యాలెన్స్ సమాచారం మోసే నరం ఒక పక్క వాచి, దెబ్బతినే జబ్బు ఇది. చెవి ఆపరేషన్‌లోనో, తలకు గాయమయ్యో, ఆ నరం మీద పెరిగిన గడ్డ తీసేటప్పుడో ఒక పక్క బ్యాలెన్స్ పోయినా ఆ తర్వాత మెదడులో జరిగేది దాదాపు ఇదే.

లోపలి చెవిలో ఒక్కో పక్క మూడు అర్ధవర్తుల కుల్యలు, రెండు చిన్న సంచులు ఉంటాయి. తల తిప్పడాన్ని కుల్యలు పసిగడతాయి. తల వంపునూ, లిఫ్టులోనో బస్సులోనో ఒంటికి తెలిసే జరుగుడునూ సంచులు పసిగడతాయి. తల కదిలినప్పుడే ఇవి మెదడుకు కబురు పంపుతాయని చాలామంది అనుకుంటారు. కాదు. తల కదలకుండా ఉన్నప్పుడు కూడా ఈ నరంలోని ఒక్కో తంతువు ఆగకుండా సంకేతాలు పంపుతూనే ఉంటుంది. కోతుల్లో కొలిస్తే అవి సెకనుకు సుమారు 90. తల కుడికి తిప్పితే కుడి పక్క ఆ సంఖ్య పెరుగుతుంది, ఎడమ పక్క తగ్గుతుంది. మెదడు లెక్కపెట్టేది రెంటి మధ్య తేడాను. తక్కెడ లాంటిదన్నమాట: రెండు పళ్ళాల్లోనూ ఎప్పుడూ బరువుంటుంది, ముల్లు ఎటు వాలిందన్నదే లెక్క.

ఎడమ నరం రాత్రికి రాత్రి మూగబోయిందనుకోండి. తల దిండు మీద కదలకుండా ఉంది. కుడి పళ్ళెంలో 90 ఉంది, ఎడమ పళ్ళెంలో ఏమీ లేదు. ఇంత తేడాకు మెదడుకు తెలిసిన అర్థం ఒకటే: తల జోరుగా కుడికి తిరుగుతోంది. అందుకని చూపు నిలపడానికి కళ్ళను మెల్లగా ఎడమకు జరుపుతుంది, కొంత దూరం పోయాక చటుక్కున కుడికి లాగుతుంది, మళ్ళీ ఎడమకు జరుపుతుంది. కనుగుడ్లు ఇలా అదరడాన్నే నిస్టాగ్మస్ అంటారు. గది తిరుగుతున్నట్టు కనిపించేది ఇందువల్లే. కళ్ళు చటుక్కున కొట్టుకునేది మంచి చెవి వైపు, మనిషి తూలిపోయేది చెడిన చెవి వైపు. పరీక్ష చేసేవాళ్ళు ఈ రెండూ చూసి ఏ చెవి పోయిందో చెప్పగలుగుతారు.

అసలు విషయం మెదడు కాండంలో ఉంది. అక్కడ ఒక్కో పక్క నాలుగు వెస్టిబ్యులార్ కేంద్రకాలు, అంటే చెవి నరం తెచ్చిన కబురు అందుకునే న్యూరాన్ల గుంపులు, ఉంటాయి. కుడి గుంపుకూ ఎడమ గుంపుకూ మధ్య తంతువులున్నాయి. ఒక పక్క గట్టిగా పనిచేస్తే రెండో పక్కను అణచడం వాటి పని. మామూలు రోజుల్లో తల తిరిగిన దిక్కును స్పష్టంగా చూపించడానికి ఈ ఏర్పాటు పనికొస్తుంది. ఎడమ చెవి పోయిన రోజున అదే శాపమవుతుంది. ఎడమ గుంపుకు తన చెవి నుంచి వచ్చే ఉత్తేజం పోయింది, పైగా కుడి గుంపు ఎదురులేకుండా తొక్కిపెడుతోంది. దాంతో ఆ న్యూరాన్లు దాదాపు నిశ్శబ్దమైపోతాయి.

కాని ఆ నిశ్శబ్దం ఎక్కువ రోజులుండదు. ఎలుకల మెదడు కాండం నుంచి తీసిన పలుచటి ముక్కల మీద ఎడిన్‌బరో పరిశోధకులు 1990ల చివర, 2000లో చేసిన పనిలో, చెవి తీసేసిన 4 గంటలకే మార్పు కనిపించింది. అణచివేత సంకేతం మోసే గాబా అనే రసాయనానికి ఆ న్యూరాన్లు మునుపటంత లొంగడం మానేశాయి. అంతేకాదు, వాటంతటవే ఉత్తేజం పొందే గుణం పెరిగింది. గినీ పందుల్లో సుమారు వారం తిరిగేసరికి నిశ్శబ్దమైన న్యూరాన్లు మళ్ళీ మామూలు స్థాయికి దగ్గరగా సంకేతాలు పంపడం మొదలుపెట్టాయి. నరం మాత్రం బతకలేదు. చెవి నుంచి ఒక్క సంకేతమైనా రావడం లేదు. బయటి సరఫరా తెగిపోతే ఆ కణాలే సొంతంగా ఉత్పత్తి మొదలుపెట్టి తక్కెడ ముల్లును మధ్యకు తెచ్చాయి.

ఇది ఊహ కాదనడానికి పాత రుజువు ఒకటుంది. 1883లో రష్యన్ శాస్త్రవేత్త బెఖ్‌తెరెవ్ జంతువుల్లో ఒక పక్క లోపలి చెవిని తీసేసి, అవి కోలుకున్నాక రెండోదాన్ని కూడా తీసేశాడు. రెండు పక్కలా సున్నా అయింది కాబట్టి తేడా ఉండకూడదు, కళ్ళు అదరకూడదు. కాని అదిరాయి, అదీ మొదట తీసేసిన చెవి పనిచేస్తున్నప్పుడు ఎలా అదరాలో అలా. ఆ పక్క చెవి లేదు, ఆ పక్క కేంద్రకం మాత్రం సొంతంగా సంకేతాలిస్తోంది. మెదడు కణాల సర్దుబాటును ఇంత తేటగా చూపిన ప్రయోగం ఇంకోటి నాకు కనిపించదు.

ఈ మొదటి దశ దాదాపు ఉచితంగా వస్తుంది. మనిషి మంచం మీదున్నా, గది చీకటిగా ఉన్నా, కదలకుండా ఉన్నప్పటి తేడా చాలావరకు సర్దుకుంటుంది. మూడో రోజుకో నాలుగో రోజుకో గది తిరగడం తగ్గేది ఇందుకే. రోగి మాత్ర పనిచేసిందనుకుంటాడు. బంధువులు దిష్టి తీసిన ఫలితమనుకుంటారు. చేసింది మెదడు కాండం.

చిక్కు రెండో దశలో ఉంది. కూర్చుంటే బాగానే ఉంటుంది, లేచి తల తిప్పితే చూపు చెదురుతుంది. బస్సులోంచి బోర్డు చదవలేరు, రోడ్డు దాటేటప్పుడు చెడిన చెవి వైపు చూస్తే లోకమంతా ఒక క్షణం జారినట్టుంటుంది. ఇది ఉచితంగా సర్దుకోదు. ఎందుకో తెలియాలంటే ఇప్పుడే ఒక చిన్న పరీక్ష చేయండి. ఫోను చేయి చాచినంత దూరంలో పట్టుకుని, తల కదపకుండా ఫోన్ను మాత్రం సెకనుకు రెండు సార్లు అటూ ఇటూ ఊపండి. అక్షరాలు అలుక్కుపోతాయి. ఇప్పుడు ఫోన్ను కదలకుండా పట్టుకుని, అంతే వేగంతో తలను ఊపండి. చదవగలరు. రెండుసార్లూ ఫోనుకూ తలకూ మధ్య కదలిక ఒకటే. మొదటిసారి మీరు చూపు సాయంతో వెంటబడ్డారు, దానికి సెకనులో పదో వంతు ఆలస్యం తప్పదు. రెండోసారి లోపలి చెవి నేరుగా కళ్ళకు ఆజ్ఞ ఇచ్చింది, దానికి పట్టింది సెకనులో వందో వంతు కూడా కాదు. చెవిలోంచి కేంద్రకానికి, అక్కడినుంచి కంటి కండరాలకు, మధ్యలో మూడే న్యూరాన్లు. దీని పేరు వెస్టిబ్యులో ఆక్యులర్ రిఫ్లెక్స్.

ఒక చెవి పోయినప్పుడు ఈ రిఫ్లెక్స్ ఆ పక్కకు కుంటుతుంది. దీనికి లెక్క సులువే. మంచి చెవి వైపు తల తిప్పితే ఆ నరం 90 నుంచి ఎంతో పైకి పోగలదు. చెడిన చెవి వైపు తిప్పితే మంచి చెవి నరం తగ్గడం ద్వారానే కబురు చెప్పాలి, కాని సున్నా కన్నా కిందికి పోలేదు. మెల్లగా తిప్పితే సరిపోతుంది, విసురుగా తిప్పితే చాలదు. డాక్టరు మీ తలను రెండు చేతులతో పట్టుకుని, తన ముక్కునే చూడమని, చటుక్కున చిన్న కోణంలో తిప్పే పరీక్ష ఉంది కదా, 1988లో హల్మాగ్యీ, కర్తోయిస్ వివరించినది, అది చూసేది దీన్నే. చూపు ముక్కు మీంచి జారి, మళ్ళీ ఎగిరి ముక్కు మీదికి వస్తే ఆ పక్క చెవి చెడినట్టు.

ఈ లోటును పూడ్చే పని చిన్నమెదడుది. తల కదిలినప్పుడు కంటి తెర మీద బొమ్మ జారితే, ఆ జారుడు సమాచారం చిన్నమెదడులోని ఫ్లాక్యులస్ అనే చిన్న ముక్కకు చేరుతుంది. అది పొరపాటు కబురు. ఇంత తిప్పాల్సింది ఇంతే తిప్పావు, ఇంకొంచెం పెంచు అని దాని అర్థం. ఈ కబురు వేలసార్లు వస్తేనే రిఫ్లెక్స్ బలం మారుతుంది. తల కదపకపోతే బొమ్మ జారదు. బొమ్మ జారకపోతే పొరపాటు లేదు, పొరపాటు లేకపోతే దిద్దుబాటు లేదు. నా వాదన మొత్తం ఈ ఒక్క మెలిక మీదే నిలబడి ఉంది.

దీనికి జంతువుల్లో సాక్ష్యం గట్టిది. ఒక చెవి తీసేసిన కోతులను మొదటి కొన్ని రోజులు చీకట్లో ఉంచితే ఈ రిఫ్లెక్స్ బలం పుంజుకోలేదు, వెలుతురులోకి తెచ్చాకే పుంజుకోవడం మొదలైంది. 1976లో ఫ్రాన్సులో లాకూర్ బృందం బబూన్లను ఆపరేషన్ తర్వాత తొలి రోజుల్లో కదలనివ్వకుండా ఉంచితే వాటి నడక కోలుకోవడం బాగా ఆలస్యమైంది. తొలి రోజుల్లో తెరిచి ఉండే ఆ కిటికీని "రెస్టు" పేరుతో మూసేస్తున్నామని అందుకే అంటున్నాను.

మెడ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మామూలు కోతుల్లో ఈ కేంద్రకపు న్యూరాన్లు కొన్ని మెడ కండరాల నుంచి వచ్చే సమాచారాన్ని పట్టించుకోవు. క్యాథ్లీన్ కల్లెన్ అనే పరిశోధకురాలి బృందం 2010లో చూపించినదేమిటంటే, ఒక చెవి పోయిన 24 గంటల్లోనే అవే న్యూరాన్లు మెడ మాట వినడం మొదలుపెడతాయి. చెవి లేని లోటును మెడతో పూడ్చుకునే ప్రయత్నం అది. మన దగ్గర తల తిరుగుతోందనగానే ఎక్స్‌రే తీసి, "సర్వైకల్" అని మెడకు కాలరు కట్టే అలవాటు ఎంతుందో అందరికీ తెలుసు. నలభై దాటిన ఎవరి మెడ ఎక్స్‌రేలోనైనా ఏదో ఒక అరుగుదల కనిపించడం మామూలే. మెదడు ఆసరా వెతుక్కుంటున్న మెడను కట్టేసి, తల కదలికను కూడా ఆపేస్తే రెండు దారులూ మూసుకుపోతాయి. మెడకు నిజంగా గాయమైతే తప్ప, తల తిరుగుడుకు కాలరు వైద్యం కాదు.

ఇక మాత్రలు. ప్రోక్లోర్‌పెరజిన్, సిన్నారిజిన్, డైమెన్‌హైడ్రినేట్, డయజెపామ్ లాంటివి వాంతిని, తిరుగుడును నొక్కిపెడతాయి. వాంతులతో ఒంట్లో నీరు పోతున్న మనిషికి మొదటి రోజు అవి కావాలి, ఇవ్వకపోవడం క్రూరత్వం. కాని అవి నొక్కేది ఏ వలయాన్ని సర్దుబాటు చేసుకోవాలో ఆ వలయాన్నే. వాంతులు తగ్గగానే, రెండు మూడు రోజుల్లో, ఆపేయాలి. నెలల తరబడి వాడితే ఇంకో ప్రమాదం ఉంది. ప్రోక్లోర్‌పెరజిన్, సిన్నారిజిన్ రెండూ పెద్దవాళ్ళలో పార్కిన్సన్ లాంటి లక్షణాలు తెస్తాయి. చేయి వణుకు, అడుగు చిన్నదవడం, ముఖంలో కదలిక తగ్గడం మొదలైతే ఇంట్లోవాళ్ళు వయసు మీద పడిందనుకుంటారు, మాత్ర మాత్రం కొనసాగుతూనే ఉంటుంది. బీటాహిస్టిన్ ఆ కోవకు చెందదు, పిల్లుల్లో సర్దుబాటును త్వరపరిచిన దాఖలా ఉంది. అయితే లోపలి చెవికే వచ్చి పదేపదే తల తిప్పే మెనియర్ జబ్బులో దాన్ని జర్మనీలో 9 నెలల పాటు పరీక్షించి 2016లో ప్రకటించిన ఫలితంలో డమ్మీ మాత్ర కన్నా మెరుగు కనిపించలేదు. బీటాహిస్టిన్ వేసుకుంటున్నాను కదా, వ్యాయామం ఎందుకు అనడానికి ఆధారం లేదు.

మరి చేయాల్సిందేమిటి? ఇది కొత్త విద్యేమీ కాదు. 1940లలో ఇంగ్లండులో కాథోర్న్, కుక్సీ అనే ఇద్దరు వైద్యులు తలకు గాయాలైనవాళ్ళ చేత, చెవి ఆపరేషన్ అయినవాళ్ళ చేత తల తిప్పించి, బంతి విసిరించి, కూర్చోబెట్టి లేపించి వ్యాయామాలు చేయించారు. ఇప్పటి పద్ధతి అంతకన్నా గురిపెట్టినది.

ఒక విజిటింగ్ కార్డు వెనక నల్ల స్కెచ్‌పెన్నుతో ఒకే అక్షరం రాయండి. చేయి చాచి పట్టుకుంటే స్పష్టంగా కనిపించే అతి చిన్న సైజులో రాయాలి. పెద్దక్షరమైతే చూపు జారినా తెలియదు, దాంతో పని జరగదు. కార్డు కంటి ఎత్తులో, కదలకుండా ఉండాలి. అక్షరం మీంచి చూపు తీయకుండా తలను అటూ ఇటూ తిప్పండి. ఎంత? గోడ గడియారంలో 12 నుంచి 1కి ఎంతో అంత, మళ్ళీ 12 మీదుగా 11కి అంత. భుజం దాకా తిప్పక్కర్లేదు. ఫోనులో మెట్రోనోమ్ యాప్ పెట్టుకుని నిమిషానికి 60 టిక్కులతో మొదలుపెట్టండి, ఒక్కో టిక్కుకు తల ఒక్కో కొసకు చేరాలి. అక్షరం స్పష్టంగా ఉన్నంతవరకు వేగం పెంచుతూ పోవాలి, అలుక్కుపోవడం మొదలయ్యే అంచు దగ్గర ఆగాలి. ఆ అంచే మందు. ఒక నిమిషం అటూ ఇటూ, కాస్త ఆగి ఒక నిమిషం పైకీ కిందికీ.

60 టిక్కుల దగ్గరే ఉండిపోవడం చాలామంది చేసే తప్పు. అంత మెల్లటి కదలికను చూపు తనంతట తానే వెంబడించగలదు, రిఫ్లెక్స్‌కు పని తగలదు. 120 దాటాకే అసలు కసరత్తు. ఇంకో తప్పు, మెడకు బదులు నడుము ఊపడం. అద్దం ముందు ఒకసారి చేసి చూసుకుంటే తెలిసిపోతుంది. ప్రోగ్రెసివ్ కళ్ళద్దాలవాళ్ళు తల తిప్పుడు కాస్త తగ్గించుకోవాలి, లేకపోతే అద్దం అంచుల్లోని మసకను జబ్బు అనుకుంటారు. అన్నిటికన్నా పెద్ద తప్పు, తల కదపకుండా కళ్ళు మాత్రం అటూ ఇటూ తిప్పే వ్యాయామాలు. వీడియోల్లో ఇవే ఎక్కువ. వాటిని చూపు నిలకడ కోసం ఇవ్వొద్దని అమెరికా ఫిజియోథెరపిస్టుల మార్గదర్శకాలు సూటిగానే చెబుతున్నాయి.

అవే మార్గదర్శకాలు, 2022లో సవరించినవి, మోతాదు కూడా చెబుతాయి. జబ్బు కొత్తదైతే రోజుకు కనీసం 3 సార్లు, మొత్తం 12 నిమిషాలకు తగ్గకుండా. పాతబడితే రోజుకు 3 నుంచి 5 సార్లు, మొత్తం కనీసం 20 నిమిషాలు, 4 నుంచి 6 వారాల పాటు. ఒకేసారి 20 నిమిషాలు కూర్చుంటే వాంతి వస్తుంది, మర్నాడు కార్డు ముట్టబుద్ధి కాదు. నిమిషం నిమిషంగా రోజంతా పరుచుకోండి. చేస్తున్నప్పుడు తల తిరుగుతుంది, తిరగాలి. ఆపాక పావుగంటలో సద్దుమణిగితే మోతాదు సరైనది. గంటలకొద్దీ ఉండిపోతే వేగం తగ్గించండి, మానేయొద్దు.

సాదా గోడ ముందు తేలికైతే గళ్ళ కర్టెన్ ముందు, తర్వాత నిలబడి, తర్వాత పాదాలు దగ్గరగా పెట్టి, ఆ తర్వాత నడుస్తూ. నిలబడి చేసేవన్నీ గది మూలలో చేయండి: వెనక రెండు గోడలు, ముందు ఒక కుర్చీ. దిండు మీద నిలబడి కళ్ళు మూసుకోవడం చివరి మెట్టు. అప్పుడు నేల కబురూ, చూపూ రెండూ తగ్గి, చెవి కబురు మీదే మెదడు ఆధారపడాల్సి వస్తుంది. కళ్ళనే నమ్ముకుని కోలుకున్నవాళ్ళకు రైతుబజారు సందడిలో, ట్రాఫిక్‌లో, ఫోను స్క్రోల్ చేస్తుంటే తిరుగుడు మళ్ళీ వస్తుంది. వాళ్ళు ఈ మెట్టు ఎక్కనట్టే.

ఇవి అందరికీ కాదు. మంచం మీద పక్కకు ఒరిగినప్పుడు మాత్రమే నిమిషం లోపు తిరిగి ఆగిపోతుంటే అది కుల్యలో సున్నపు రేణువులు పడ్డ జబ్బు, దానికి ఎప్లీ పద్ధతిలో తల తిప్పించి రేణువులను దారి మళ్ళించాలి, కార్డుతో తగ్గదు. తిరుగుడుతో పాటు మాట ముద్దగా రావడం, వస్తువులు రెండుగా కనిపించడం, చేయో కాలో ముఖమో చచ్చుబడటం, పట్టుకున్నా నిలబడలేకపోవడం ఉంటే పక్షవాతం కావచ్చు, వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి. అప్పుడు పైత్యమని గంట కూడా చూడకూడదు.

రెండు చెవుల్లోనూ బ్యాలెన్స్ పోయినవాళ్ళది వేరే బాధ. జెంటామైసిన్, క్షయకు మన దేశంలో ఏళ్ళ తరబడి వాడిన స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు రెండు పక్కలా కణాలను చంపగలవు. తేడా లేదు కాబట్టి గది తిరగదు, అడుగు వేస్తే మాత్రం లోకమంతా ఎగిరెగిరి పడుతుంది. స్ట్రెప్టోమైసిన్‌తో అలా అయిన ఒక డాక్టరు 1952లో తన అనుభవం రాశాడు. గుండె కొట్టుకునే అదురుకే అక్షరాలు కదులుతుంటే, పుస్తకం చదవడానికి తలను మంచం తలవైపు కమ్మీల మధ్య ఇరికించి పెట్టుకునేవాడు. వీళ్ళకు వ్యాయామం ఎక్కువ కావాలి, రోజుకు 20 నుంచి 40 నిమిషాలు, 5 నుంచి 7 వారాలు. రాత్రి బాత్రూముకు వెళ్ళే దారిలో లైటు తప్పనిసరిగా ఉండాలి.

ఒక పక్కే పోయి, బాగా కోలుకున్నవాళ్ళకు ఆరు నెలల తర్వాత ఒకరోజు హఠాత్తుగా పాత తూలుడు తిరిగి రావచ్చు. వారం జ్వరంతో పడుకుని లేచాక, మత్తు ఇచ్చి చేసిన ఆపరేషన్ తర్వాత, రెండు రాత్రులు నిద్రలేని ప్రయాణం తర్వాత ఇలా అవుతుంది. మెదడు కట్టుకున్న సర్దుబాటు వాడుక లేక కాస్త సడలింది. పక్షవాతం లక్షణాలేవీ లేవని చూసుకున్నాక, పాత మాత్రల పెట్టె వెతకొద్దు. అదే కార్డు తీసి, 60 టిక్కుల దగ్గర మొదలుపెట్టి, రోజూ కొంచెం పెంచుతూ పోతే, మొదటిసారి వారాలు పట్టిన దారి ఈసారి మామూలుగా కొద్ది రోజుల్లోనే పూర్తవుతుంది.